హిస్టరీ స్లిప్ టెస్టులో స్థాయిల వారీ ప్రశ్నలు: పేపర్ ఒకటా, మూడా?

ప్రశ్న (పత్తికొండ వైపు హైస్కూల్, సోషల్ టీచర్)
నమస్తే అండీ. నాది ఎనిమిదో తరగతి. పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలతో సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు, గుంటూరు వైపు పోతారు, మిరప కోతలు అయ్యాకే మళ్లీ బడికి వస్తారు. వాళ్లకూ, ఏడాదంతా బడికి వచ్చినవాళ్లకూ ఒకే స్లిప్ టెస్ట్ పెడితే అయితే సున్నా, కాకపోతే ఫుల్ మార్కులు. మధ్యలో ఎవరూ ఉండరు. స్థాయిల వారీగా ప్రశ్నలు ఇవ్వమని ట్రైనింగ్‌లో చెప్పారు. అంటే ఏ, బీ, సీ అని మూడు పేపర్లు చేయాలా? సీ పేపర్ అందుకున్న పిల్లోడు ఏమనుకుంటాడో అని నా టెన్షన్. పాఠం: బ్రిటిష్ వాళ్ల భూమిశిస్తు విధానాలు.

జవాబు (కడప)
మూడు పేపర్లు వద్దు మేడం. రెండో రోజుకే ఎవరిది ఏ పేపరో ఊరంతా తెలుస్తుంది. పేపర్ ఒకటే పెట్టి, అందులోనే ప్రశ్నల స్థాయి పెంచుకుంటూ పోండి.

అయితే స్థాయి అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. ‘ఎవరు, ఎప్పుడు’ అంటే తేలిక, ‘ఎందుకు’ అంటే కష్టం అని బీఎడ్ నుంచీ మనకు అలవాటు. ‘రైత్వారీ (నేరుగా రైతుతోనే శిస్తు ఒప్పుకునే పద్ధతి) పెట్టడానికి కారణాలు రాయండి’ అని అడుగుతాం. ఆ కారణాలు నోట్సులో మనమే చెప్పి రాయించి ఉంటే అదీ కంఠతా ప్రశ్నే. పిల్లోడు ముందు చూడనిది ఏదో ఒకటి పేపర్లో ఉంటేనే పైస్థాయి ప్రశ్న అవుతుంది.

అందుకే నేను పేపర్ పైన ఐదారు వాక్యాలు ఇస్తాను. మీ పాఠానికి ఇలా ఇవ్వొచ్చు: ‘1800లో నిజాం తన దగ్గరున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద మన ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టర్. శిస్తును జమీందారుతో కాకుండా నేరుగా రైతుతోనే ఒప్పుకున్నాడు. శిస్తు నగదుగా కట్టాలి. వెళ్లేముందు ఆ శిస్తును నాలుగో వంతు తగ్గించమని తనే సిఫారసు చేశాడు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పర్యటనకు వచ్చి పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు.’ మీ ఊరి పేరు కనబడితే పిల్లలు ఇంకోసారి చదువుతారు.

మొదటి ప్రశ్న: నిజాం ఈ ప్రాంతాన్ని ఎవరికి, ఎందుకు ఇచ్చాడు? పైనే ఉంది, వెతికి రాస్తే చాలు. రెండోది: 1793లో బెంగాల్లో పెట్టిన జమీందారీ పద్ధతికీ దీనికీ తేడా మీ మాటల్లో చెప్పండి. మూడోది: ఒక మెట్ట రైతుకు ఆ ఏడు వాన పడలేదు, శిస్తు మాత్రం నగదుగానే కట్టాలి. అతను ఏం చేసి ఉంటాడు?

ఆ మూడో ప్రశ్న దగ్గర చూడండి. సుగ్గికి పోయొచ్చిన పిల్లోడు ‘శిస్తు కట్టనీకి సావుకారి దగ్గర అప్పు తెచ్చింటాడు, ఎద్దులు అమ్మింటాడు’ అని తప్పుల తడకగా రాసినా సరే, పూర్తి మార్కులు వేయండి. బట్టీ పట్టిన పిల్ల రైత్వారీ నిర్వచనం మళ్లీ దించేస్తే సగం మార్కులే. కిందిస్థాయిలో తడబడినవాడు పైస్థాయిలో నిలబడడం ఇక్కడ కనిపిస్తుంది. సున్నాలు వస్తున్నది తెలివి లేక కాదు, పాఠం విననందుకు.

జవాబు (గుత్తి)
కడప మేడం చెప్పిన దానికి నాలుగో ప్రశ్న కలుపుతాను. మన్రోను మొదట పూడ్చింది మా గుత్తిలోనే, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. ఈ వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు కూడా. మరో వైపు, పాలెగాళ్ల (ఊళ్ల మీద పెత్తనం చేసిన స్థానిక నాయకుల) అధికారం తీసేసి తవర్జీ, అంటే పెన్షన్, ఇచ్చి కూర్చోబెట్టింది కూడా ఆయన కాలంలోనే. ఆ తవర్జీ గొడవల్లోంచే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు వచ్చింది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. కాబట్టి ‘మన్రో గురించి ఒక రైతు ఏమనేవాడు, ఒక పాలెగాడి మనవడు ఏమనేవాడు? ఇద్దరి మాటా ఎందుకు వేరు?’ అని అడగండి. మన్రో మంచోడా చెడ్డోడా అని మాత్రం అడగొద్దు, ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఏ పక్షం రాసినా మార్కులు ఇవ్వండి, కానీ పేపర్ మీదున్న ఒక్క విషయమైనా ఆధారంగా చూపాలి. పాలెగాళ్ల సంగతి, మన్రోలప్ప సంగతి పైనున్న వాక్యాల్లో చేర్చడం మర్చిపోకండి.

ప్రశ్న అడిగినవారు
బాగుంది సార్. కానీ ఎస్‌ఏ (సమ్మేటివ్ పరీక్ష)లో ఇలాంటివి రావు కదా? దిద్దడానికి టైమెక్కడ?

జవాబు (కడప)
ఎస్‌ఏకి నేర్పేది మీరు ఎటూ నేర్పుతున్నారు. ఇది పిల్లోడు ఎక్కడ ఆగాడో మీకు తెలియడానికి. అన్ని పేపర్లూ అక్షరం అక్షరం దిద్దక్కర్లేదు. మూడో ప్రశ్నకూ, నాలుగో ప్రశ్నకూ మాత్రం మార్కు పక్కన ‘తెలిసింది రాశాడు’, ‘కారణం చెప్పాడు’, ‘ఆధారం చూపాడు’ అని టిక్కులు పెట్టుకోండి. ‘కారణం’ దగ్గరే ఎక్కువమంది ఆగితే ఆ పాఠం ఇంకో పీరియడ్ తీసుకోండి. ఒకరిద్దరే ఆగితే పక్కన కూర్చోబెట్టుకుని నోటితో అడగండి, రాయలేని పిల్లలు చాలాసార్లు చెప్పగలరు.