సముద్రం కనిపించే కొండవాలులో ధ్యానశాల: తూర్పు గోడ మొత్తం అద్దం పెట్టొచ్చా?

జీడితోట:
అందరికీ నమస్కారం. భీమిలికి ఇవతల కొండవాలులో స్నేహితులం ఏడుగురం కలిసి కొన్న జీడితోట ఉంది, ఎకరం డెబ్బై సెంట్లు. అందులో చిన్న ధ్యానశాల కట్టాలనుకుంటున్నాం. ముప్పై మంది కూర్చునే హాలు, పది గదులు, వంటిల్లు. ఏడాదిలో కొన్నిసార్లు పదేసి రోజుల మౌన శిబిరాలు పెడతాం. వ్యాపారం కాదు, ఖర్చులు వస్తే చాలు. కట్టడం ప్రకృతిలో కలిసిపోయినట్టు ఉండాలని మా కోరిక. ఆర్కిటెక్ట్ ఇచ్చిన ప్లాన్‌లో హాలు తూర్పు గోడ మొత్తం అద్దమే, 36 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. కళ్లు తెరిస్తే ఎదురుగా సముద్రం. మాలో నలుగురికి బాగా నచ్చింది, ముగ్గురికి అనుమానం. తెలిసినవాళ్లు చెప్పండి. తీరం మాకు కిలోమీటరు పైనే, కాబట్టి కోస్తా నిబంధనల ఇబ్బంది లేదు.

మేస్త్రిగారబ్బాయి:
వద్దండీ. తూర్పు అద్దం అంటే పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాటేదాకా ఎండ నేరుగా ముఖాల మీదే. ఏప్రిల్ వచ్చేసరికి ఆ హాలు పెనం అయిపోతుంది. అప్పుడు ఏసీ పెట్టక తప్పదు, ఏసీ పెట్టాక తలుపులు మూయక తప్పదు, ఇక సముద్రం కనిపిస్తుంది గానీ దాని గాలీ రాదు, చప్పుడూ రాదు.

ఇంకో సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను విశాఖలో మా బాబాయి వాళ్ల ఫ్లాట్‌లో ఉన్నాను. హాల్లో బాల్కనీకి పెద్ద అద్దం తలుపు. అది ముందు లోపలికి వంగింది, ఊపిరి పీల్చినట్టు వెనక్కి వెళ్లింది, మళ్లీ వంగింది. మూడోసారి పేలిపోయింది. బాత్రూంలో పరుపు అడ్డం పెట్టుకుని నలుగురం కూర్చున్నాం. పిన్ని అరికాల్లోంచి ముక్కలు తీయడానికి ఆ రాత్రి టార్చి తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు విన్నవాడిని కాబట్టి చెప్తున్నా.

ఒక్కమాట:
టఫెన్డ్ లామినేటెడ్, అంటే మధ్యలో పొర పెట్టి అతికించిన గట్టి అద్దం వేస్తే పగిలినా ముక్కలు రాలవు. అంత టెన్షన్ అక్కర్లేదు.

మేస్త్రిగారబ్బాయి:
ముక్కలు రాలవు సరే. విశాఖ వైపు కట్టేవాటికి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు అని లెక్క వేయాలి, కట్టడాలు తట్టుకోవాల్సిన భారాల మీద ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 875లో ఉన్నదే, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల తోపుడు. వీళ్ల అద్దం 33 చదరపు మీటర్లు. మొత్తం ఐదు టన్నులు. దాన్ని పట్టుకునే స్టీల్ ఫ్రేమ్ ఉప్పుగాలికి పదేళ్లలో ఏమవుతుందో మన బాల్కనీ గ్రిల్స్ చూస్తే తెలుస్తుంది.

విహారి:
అద్దం సంగతి కాసేపు పక్కన పెడదాం. మీ స్థలానికి దగ్గర్లోనే తొట్లకొండ ఉంది కదా, ఎప్పుడైనా వానాకాలంలో వెళ్లారా? రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు 128 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీద ఉండేవాళ్లు. వాళ్లకీ సముద్రం కనిపించేది, కానీ వాళ్లు ముందు చూసుకున్నది నీళ్లు. బండని తొలిచి తొట్లు చేసి వాన నీళ్లు పట్టారు, కొండకి ఆ పేరు అందుకే. పక్కనున్న బావికొండ పేరు కూడా నీళ్ల వల్ల వచ్చిందే. గదులు చిన్నవి, వరసగా ఉంటాయి. అందరూ కలవడానికి స్తంభాల మండపం వేరే.

అసలు బౌద్ధ భిక్షువులు ఒకచోట కదలకుండా ఉండి సాధన చేయడం మొదలైందే వాన వల్ల. వర్షావాసం అంటే అదే, ఊరూరా తిరిగే భిక్షువులు వానాకాలం మూడు నెలలు ఒకచోట ఆగడం. కాబట్టి మీ కట్టడం మొదట వానకి జవాబు చెప్పాలి. మీ కప్పు మొత్తం మూడు వేల చదరపు అడుగులు అనుకుందాం. మన దగ్గర ఏడాదికి మీటరు వాన పడుతుంది. నష్టాలు పోగా రెండు లక్షల లీటర్లు తేలిగ్గా పట్టొచ్చు. వంటవాళ్లు, సహాయకులతో కలిపి నలభై మందికి పది రోజుల శిబిరం అంటే, మనిషికి రోజుకి 70 లీటర్లు వేసుకున్నా 28 వేలు. ప్లాన్‌లో తొట్టి ఎక్కడ?

జీడితోట:
నీళ్లకి బోరు వేస్తాం విహారి గారూ, అది సమస్య కాదు. అద్దం గురించే అడిగాను. అద్దం తగ్గించి సగం పెడితే?

సిక్కోలు:
మాది ఉద్దానం వైపు. చిన్నప్పుడు అమ్మమ్మగారి చుట్టిల్లులో పెరిగాను. గుండ్రటి మట్టి గోడ, పైన తాటాకు, చూరు ఎంత కిందికి ఉండేదంటే పెద్దవాళ్లు వంగి లోపలికి రావాలి. మూల అనేది లేదు కాబట్టి గాలికి పట్టు దొరకదు, పక్కనుంచి జారిపోతుంది. మధ్యాహ్నం బయట నేల కాలుతుంటే లోపల పేడతో అలికిన నేల చల్లగా ఉండేది, వెన్ను ఆనిస్తే నిద్ర వచ్చేసేది. వంగి లోపలికి వెళ్లడంలోనే సగం ధ్యానం ఉంది అన్నయ్యా. హాలు అలా గుండ్రంగా కట్టండి, సముద్రం చూడాలంటే బయట అరుగు మీద కూర్చుంటారు.

మట్టిదెబ్బ:
దయచేసి మట్టి గోడ మాట ఎత్తకండి. మూడేళ్ల కిందట 18 లక్షలు పెట్టి మట్టి ఇల్లు కట్టించాను. కట్టినాయన వంద కబుర్లు చెప్పాడు. మొదటి వానాకాలానికే పడమటి గోడ కింద రెండడుగుల మేర ఊడి వచ్చింది. రెండో ఏడు చెదలు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఇప్పుడు ఆ గోడకి సిమెంట్ పూసుకుని ఉంటున్నాం. నా భార్య ఈ రోజుకీ అంటుంది, అందరిలాగా పిల్లర్లు వేసి కట్టుకుంటే ఈ బాధ ఉండేదా అని.

మేస్త్రిగారబ్బాయి:
చూరు ఎంత బయటికి వచ్చింది?

మట్టిదెబ్బ:
ఒక అడుగు.

మేస్త్రిగారబ్బాయి:
అదే తప్పు. మట్టి గోడకి చూరు కనీసం మూడడుగులు రావాలి, కింద రెండడుగులు రాతి కట్టు ఉండాలి, నేల మీద పడ్డ చినుకు చిమ్మి గోడని తాకకూడదు. లేదా ఐదు శాతం సిమెంట్ కలిపి ప్రెస్ చేసిన మట్టి ఇటుక వాడాలి. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో ఎన్నో కట్టడాలు వాటితో ఉన్నాయి. సరిగ్గా కట్టించుకోవడం తెలియక మట్టిని తిడితే ఎలా?

మట్టిదెబ్బ:
తెలియకనా? డబ్బు పోయింది నాది. మీ నాన్నగారు మేస్త్రి కాబట్టి మీకు తెలుసు, మాలాంటివాళ్లు కట్టేవాడిని నమ్మక ఏం చేస్తారు? అలా కట్టేవాళ్లు ఎక్కడున్నారో చెప్పకుండా మట్టి గొప్పది, మట్టి గొప్పది అంటారు.

సిక్కోలు:
ఆయన మాటలో నిజం ఉంది. మా ఊళ్లో తాటాకు కప్పేవాళ్లు ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ అరవై దాటాయి.

కొండకిందపిల్ల:
నాదో ప్రశ్న. ప్లాన్‌లో ప్రహరీ ఉందా? తోటలోంచి ఎవరైనా నడుస్తారా?

జీడితోట:
ఉందండీ, చుట్టూ ఏడడుగులు. ప్రస్తుతం తోట మధ్యలో ఒక కాలిబాట ఉంది, పై ఊరివాళ్లు తెల్లవారుజామున రోడ్డు మీదికి దిగుతారు, తర్వాత మేకలు. శిబిరంలో నాలుగింటికే లేచి కూర్చుంటారు కదా, ఆ టైంకి మాటలు వినిపిస్తే మౌనం నిలవదు. వాళ్లకి చుట్టూ తిరిగి వేరే దారి ఉంది.

కొండకిందపిల్ల:
చుట్టూ తిరిగి అంటే ఎంత? మా ఊళ్లో కూడా ఇలాగే ఒక విశ్రాంతి గృహం కట్టారు, అందంగానే ఉంది, రాతి గోడలు, పెంకు కప్పు, చెట్టు ఒక్కటి కూడా కొట్టలేదు. బాట మాత్రం మూసేశారు. మా అమ్మ సీతాఫలాల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ గేటు దాకా వెళ్లి, తాళం చూసి, వెనక్కి తిరిగి రెండు కిలోమీటర్లు చుట్టూ నడిచేది. మొదటి బస్సు తప్పిపోయేది. ఎండెక్కాక పళ్లు మెత్తబడితే సగం ధరకి ఇచ్చేసి వచ్చేది. ఇన్ని పోస్టుల్లో గాలి, వాన, మట్టి, అన్నీ వచ్చాయి. మనిషి రాలేదు. పొద్దున్నే కొండ దిగే ఆడవాళ్లు మీ ప్రకృతిలోకి రారా?

జీడితోట:
క్షమించాలి, ఇది అన్యాయం. మేం ఎవరి భూమీ లాక్కోలేదు, డబ్బు పెట్టి కొన్నాం. మౌనం కోసం కట్టే చోట మౌనం కావాలనుకోవడం తప్పా? పదేళ్లుగా ఈ కల కోసం దాచుకున్నాం. నాకు డిప్రెషన్ వచ్చినప్పుడు పది రోజుల మౌనమే నన్ను నిలబెట్టింది. అలాంటి చోటు ఇంకో ముప్పై మందికి దొరకాలనే ఇదంతా.

ఒక్కమాట:
అడిగింది అద్దం గురించి. చర్చ ఎటో పోయింది.

విహారి:
ఎటూ పోలేదు, ఇప్పుడే అసలు చోటికి వచ్చింది. జీడితోట గారూ, మీ బాధ అర్థమైంది, మీ కోరిక మంచిదే. కానీ తొట్లకొండ భిక్షువులు కొండెక్కింది ఊరిని వదిలించుకోవడానికి కాదు. ఊరు భిక్ష పెడితేనే వాళ్లకి పూట గడిచేది. ఊరి సందడి అందనంత దూరంలో, నడిచి చేరేంత దగ్గర్లో ఉండేవాళ్లు. బాట తెగితే ఆ బౌద్ధ విహారమే ఆగిపోయేది. మీ అద్దం గోడా, మీ ప్రహరీ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి. రెండూ చూడ్డానికి బాగున్నది మాత్రం లోపలికి రానిచ్చి మిగతాది ఆపేసేవే.

జీడితోట:
అంత మాట అనకండి.

మేస్త్రిగారబ్బాయి:
కోపాలు వద్దు, పని చూద్దాం. బాట మధ్యలో ఉందన్నారు కదా, హాలుని దాని మీద పెట్టకండి, కిందికి జరపండి. వాలులో కాబట్టి వెనక గోడ నాలుగడుగులు నేలలోకి దిగుతుంది, అటు వైపు ఒకటిన్నర అడుగు మందం రాతి గోడ కట్టి కిటికీలు లేకుండా చేస్తే మాటలు చాలావరకు ఆగిపోతాయి. వాలు నీళ్లు ఆ గోడ మీద నిలవకుండా వెనక కాలువ తీయాలి, ఆ కాలువనే తొట్టిలోకి మళ్లించండి. తూర్పున అద్దం బదులు కూర్చున్న మనిషి కంటి ఎత్తులో చెక్క తలుపుల కిటికీలు వరసగా. తుఫాను వస్తే మూసుకోవచ్చు. బాటకి, హాలుకి మధ్య ఉన్న జీడిచెట్లు ఒక్కటి కూడా తీయకండి.

కొండకిందపిల్ల:
బాట పక్కన ఒక కుండ నీళ్లు, ఒక అరుగు పెట్టండి. అక్కడ మాట్లాడొద్దని రాసి పెట్టక్కర్లేదు. లోపల ఎవరో కళ్లు మూసుకుని కూర్చున్నారని తెలిస్తే మావాళ్లు గొంతు తగ్గిస్తారు. గుడి ముందు తగ్గించరా?

జీడితోట:
నిన్నంతా ఏమీ రాయలేదు, మనసు బాగోలేదు. ఇవాళ పొద్దున నాలుగున్నరకి తోటకి వెళ్లి చెట్టు కింద కూర్చున్నాను. ఐదింటికి ఆరుగురు దిగారు. ముందు గాజుల చప్పుడు వినిపించింది, తర్వాత మాటలు, ఎవరి మనవడికో జ్వరం గురించి. దాటిపోవడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. చివర్లో వచ్చిన ముసలావిడ మా చెట్టు మొదట్లో బుట్ట దించుకుని కాళ్లు చాపింది. అక్కడ బండ నున్నగా ఉంది, ఇన్నాళ్లూ గమనించలేదు. నన్ను చూసి "గోడ ఎప్పుడు మొదలెడతారు బాబూ" అంది. మేం గోడ కట్టాలనుకుంటున్న సంగతి వాళ్లకి ముందే తెలుసు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆదివారం ఏడుగురం కూర్చుంటున్నాం. ముగ్గురు ప్రహరీ ఉండాల్సిందే అంటున్నారు, వాళ్లనీ ఒకసారి ఐదింటికి తీసుకెళ్తాను. మేస్త్రిగారబ్బాయి గారూ, వెనక గోడకి కాలువ ఎంత లోతు తీయాలో కొంచెం చెప్పగలరా?