లింక్ రాడ్ నట్టు బోల్టుతో కలిసి తిరుగుతాంది, ఊడే దారి చెప్పండి

హన్మకొండ_ఐ20:
కారు 2015 ఐ20. ముందు ఎడమ పక్క లింక్ రాడ్ (స్టెబిలైజర్ బార్‌ను షాక్ అబ్జార్బర్‌కు కలిపే కడ్డీ) మారుస్తున్న. కింది నట్టు వదులైంది, ఇంకా తియ్యలే. షాక్ అబ్జార్బర్ బ్రాకెట్ మీది పై నట్టు కొంచెం వదులై, అక్కడ్నుంచి లోపలి బోల్టుతో కలిసి తిరుగుతాంది. బోల్టు కొసకున్న అల్లెన్ గుంత నిండా తుప్పు, కీ స్లిప్ కొడుతాంది. డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా ఉంచినా ఫరక్ లేదు. గ్యాస్ టార్చ్ ఉన్నది, వేడి చేయొచ్చా?

ఇంకో రెండు ఉన్నయ్. ఇంజిన్ కింది ప్లాస్టిక్ గార్డు బోల్టు ఒకటి (10 నంబర్ పానాది) ఎంత తిప్పినా అక్కడ్నే తిరుగుతాంది, బయటికి రాదు. బ్రేక్ డిస్క్ మీది స్టార్ స్క్రూ తల అరిగింది. గ్రైండర్, డ్రిల్ మిషన్ ఇంట్ల ఉన్నయ్.

పానాల_పెట్టె:
టార్చ్ అక్కడ ముట్టియ్యకు తమ్మీ. ఆ బ్రాకెట్ షాక్ అబ్జార్బర్ ఒంటికే వెల్డింగ్ అయి ఉంటది, లోపల ఆయిల్, గ్యాస్ ప్రెషర్. పక్కనే బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు.

నీది పట్టేసిన నట్టు కాదు, పట్టు లేని బోల్టు. లింక్ రాడ్ కొసన బాల్ జాయింటు ఉంటది, ఆ బాల్ తన గిన్నెల ఎటైనా తిరుగుతది. నట్టు కింది థ్రెడ్డు మీది నుంచి వచ్చినంత సేపు బాగనే వస్తది. బయట గాలికి, మట్టికి ఉన్న తుప్పు థ్రెడ్డు మీదికి రాంగనే బిగుసుకుంటది, ఇగ రెండూ కలిసే తిరుగుతయ్. ఇంపాక్ట్ గన్ పెట్టినా ఇంకింత జోరుగ తిరుగుడే తప్ప ఊడేది లేదు.

మొదలు రెండు ముందు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలబెట్టు. ఒక్క దిక్కే లేపితే స్టెబిలైజర్ బార్ (మలుపుల్ల బండి ఒరగకుండ ఆపే కడ్డీ) మెలిపడి లింకును గుంజుతది, ఆ గుంజుడుకు నట్టు ఇంకింత పట్టుకుంటది. జాకీ ఒక్కదాని మీదనే బండిని నమ్మి కింద చెయ్యి పెట్టకు.

ఇప్పుడు నట్టును ఊడే దిక్కు కాకుండ మళ్ల లోపలికి బిగించు, బయట థ్రెడ్డు మొత్తం కనపడాలె. వైర్ బ్రష్షుతో దాన్ని తెల్లగ అయ్యేదాక రుద్ది, అప్పుడు తుప్పు ఆయిల్ కొట్టు. అల్లెన్ గుంతను సన్న మేకుతో తవ్వి శుభ్రం చెయ్యి. గుంత 5 మి.మీ. అయితే టీ30, 6 అయితే టీ40 టార్క్స్ (ఆరు మొనల) బిట్టును సుత్తెతో లోపలికి దిగ్గొట్టు, అరిగిన గోడల్లకు అది కరుచుకుంటది. నట్టుకు రింగు పానా పెట్టాలె, గోటీ (సాకెట్) పెడితే బిట్టుకు జాగ ఉండదు. బిట్టు కదలకుండ పట్టుకొని నట్టును మాత్రమే తిప్పు. అర చుట్టు ఊడదీసి, పావు చుట్టు బిగించు, మళ్ల ఊడదీయి.

అదీ కాకపోతే వెనక రబ్బరు బూట్ కోసేసి బాల్ మెడను వైస్ గ్రిప్‌తో (బిగించి లాక్ చేసే పట్టకారు) పట్టు. కొన్ని లింకులకు అక్కడ సన్న పానా పట్టేటట్టు చదును కూడా ఉంటది. పాత లింక్ ఎట్లాగూ చెత్తలకే, దాని మీద మోజు పెట్టుకోకు.

ఆటోనగర్_లేత్:
ఒకటి కలుపుత. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్), అసిటోన్ సగం సగం కలిపి వాడమని ఎవరన్నా చెప్తరు. పట్టేసిన సైలెన్సర్ నట్టుకు అది మంచిదే కానీ తిరిగే బోల్టుకు ఏ ఆయిలూ చెయ్యి పెట్టి పట్టుకోదు కదా. పైగా డిస్క్ మీద, ప్యాడ్ల మీద చుక్క పడితే బ్రేకు పోతది.

వైస్ గ్రిప్ కూడా జారితే గ్రైండరే. 4 అంగుళాల మిషన్‌కు 1 మి.మీ. కటింగ్ వీల్ వెయ్యి. నట్టు ఒక ముఖం మీద నిలువుగ కొయ్యి, థ్రెడ్డు దాక పోకముందే ఆపి, చీలికలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ. నట్టు విచ్చుకుంటది, బ్రాకెట్‌కు గీత పడదు. కోసేముందు బ్రేక్ హోస్, యాక్సిల్ బూట్ మీద తడి గోనె సంచి కప్పు, నిప్పురవ్వలు రబ్బర్లను తినేస్తయ్. కళ్లద్దాలు పెట్టుకో, గ్రైండర్ గార్డు తియ్యకు.

స్టార్_స్క్రూ_శత్రువు:
డిస్క్ స్క్రూ గురించి. ఆ స్క్రూ డిస్కును కంపెనీల బండి కట్టేటప్పుడు జారకుండ పట్టనీకి. డిస్కును నిజంగ నొక్కి పట్టేవి చక్రం నట్లే. స్క్రూ తల ఎగిరిపోయినా నష్టమేం లేదు.

మామూలు స్క్రూ డ్రైవర్ జోరు చేస్తే పైకి లేచి తల అరుగుతది, ఆ గీత ఆకారమే అట్లాంటిది. సుత్తెతో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ తెచ్చుకో, 3 నంబర్ స్టార్ బిట్టు పెట్టి, ఊడే దిక్కు మెలిపెట్టి, నెత్తి మీద నిటారుగ కొట్టు. దెబ్బకు బిట్టు లోపలికి దిగుతది, స్క్రూ వదులైతది, రెండూ ఒకే దెబ్బల. కాకపోతే తల మధ్యల పంచ్ కొట్టి, స్క్రూ కాడ కంటే కొంచెం పెద్ద బిట్టుతో తలను మాత్రమే డ్రిల్ చెయ్యి. తల రింగులాగ ఊడంగనే ఆపు. డిస్క్ తీస్తే మిగిలిన ముక్క బయటికి పొడుచుకొని ఉంటది, వైస్ గ్రిప్‌తో తిప్పు. ఈజీ-అవుట్ (విరిగిన స్క్రూను లోపల కరిచి తీసే బిట్టు) జోలికి పోకు. లోపల విరిగిందంటే అది గట్టి ఉక్కు, మామూలు బిట్టు దాన్ని తొలవదు.

పానాల_పెట్టె:
గార్డు బోల్టుది మూడో కథ. దాని నట్టు రేకుకు వెల్డింగ్ అయి ఉంటది, లేకుంటే క్లిప్పులో ఉంటది. వెల్డింగ్ ఊడింది గాబట్టి కలిసి తిరుగుతాంది. వానకాలం పత్తి చేన్ల బాటల్లో నడిచిన బండ్లకు ఇది మామూలే, రేగడి మట్టి ఎండి థ్రెడ్డులో గట్టిపడ్డంక నట్టు కంటే ముందు వెల్డింగే వదిలేస్తది.

వాషర్ కింద స్క్రూ డ్రైవర్ పెట్టి కిందికి గుంజుకుంట మెల్లగ తిప్పు, ఆ గుంజుడుకు నట్టు రేకుకు ఒరిసి కొన్నిసార్లు ఆగుతది. ఆగకపోతే తలను వైస్ గ్రిప్‌తో పట్టి డ్రిల్ చెయ్యి, గ్రైండర్ పెడితే ప్లాస్టిక్ కరుగుతది. తర్వాత రేకుకు 9 మి.మీ. రంధ్రం చేసి ఎం6 రివెట్ నట్టు (రేకుకు నొక్కి బిగించే నట్టు) ఎక్కించు, లేదా క్లిప్పు నట్టు వెయ్యి.

హన్మకొండ_ఐ20:
టీ40 దిగ్గొట్టంగనే పై నట్టు వచ్చింది. కొత్త లింకుకు పాత నట్టే పెట్టొచ్చా?

ఆటోనగర్_లేత్:
వద్దు. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉన్నది) ఒక్కసారి వాడేదే, కొత్త లింకుతో నట్లు రాకపోతే కొను. కొత్తదానికి కూడా అల్లెన్‌తో పట్టి రింగు పానాతోనే ఎక్కించు, గన్ పెడితే బాల్ తిరిగి లోపలి గ్రీజు, బూట్ పాడైతయ్. బిగిసినంక బూట్ మెలితిరిగిందేమో చూడు, తిరిగితే నట్టు కొంచెం వదిలి, బూట్ సరిచేసి, మళ్ల బిగించు.