బ్యాంకాక్‌లో ఒక్క రోజే: ఈ వరుస కుదురుతుందా?

తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. సువర్ణభూమిలో ఉదయం 6కి దిగి, రాత్రి 11కి మళ్లీ హైదరాబాద్ విమానం. నలుగురం, అందులో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు.

అనుకున్న దారి: లగేజీ ఎయిర్‌పోర్టులోనే పెట్టేసి, రైల్ లింక్‌లో మక్కాసాన్. పక్కనే పెట్చబురి స్టేషన్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కి సనమ్ చాయ్‌లో దిగడం. రాజభవనం 8:30కి తెరుస్తారు, టికెట్ 500 బాత్. ముందు అదే, ఎండ ముదిరితే ఆ ప్రాంగణంలో నిలబడలేం. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలే వేసుకుంటాం, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. ‘ఇవాళ మూసేశారు, వేరే గుడి చూపిస్తా’ అనే టుక్‌టుక్ వాళ్ల మాట వినకూడదనీ తెలుసు.

తర్వాత వాట్ ఫో గుడి. 46 మీటర్ల శయన బుద్ధుడి అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలు తీరిగ్గా చూడాలి. అక్కణ్ణుంచి థా తియన్ రేవులో పడవెక్కి అవతలి ఒడ్డున వాట్ అరుణ్.

సనమ్ చాయ్ నుంచి రాజభవనం గేటుకి కిలోమీటరు పైనే నడక. పెద్దవాళ్లకు అది తప్పాలంటే సాథోర్న్ రేవు నుంచి పడవలో థా చాంగ్‌లో దిగడం మేలా? రైళ్లు మారే తిప్పలు ఎక్కువవుతాయా?

వాట్ అరుణ్ మెట్లు బాగా నిటారు. ఎక్కకుండా కింద నుంచే చూసినా వెళ్లినందుకు ఫలితం ఉంటుందా?

శాకాహారులకు అసలు చిక్కు చేపల సాస్, కూరగాయల వేపుడులోనూ పోస్తారు. పసుపు రంగు ‘జే’ (శుద్ధ శాకాహారం) గుర్తున్న కొట్లు ఆ చుట్టుపక్కల ఎక్కడున్నాయి?

సాయంత్రం ట్రాఫిక్‌లో టాక్సీ నమ్ముకోం, రైలే. ఎన్నింటికి బయల్దేరితే నిశ్చింత?