ఒకటిన్నర అడుగుల చేపల ట్యాంక్‌లో ఫైటర్ చేపతో గప్పీ చేపలు పెట్టొచ్చా, వద్దా?

కొత్త ట్యాంక్:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, ఇంట్లో బోరు నీళ్లే. పిల్లల కోసం 18×12×12 అంగుళాల ట్యాంక్ కొన్నాం, 40 లీటర్లు పడుతుంది. ఒక మగ ఫైటర్, నాలుగు గప్పీలు, రెండు గోల్డ్ ఫిష్, నాచు తినడానికి ఒక సక్కర్, అన్నీ కలిసి ఉంటాయని షాపతను చెప్పాడు. ఫైటర్ ఒక్కటే ఉండాలని మా తమ్ముడంటాడు. ఇంకా ఏ చేపా వేయలేదు. ఎవరి మాట వినాలి?

చెరువుగట్టు:
మీ తమ్ముడి మాట వినండి. మగ గప్పీ రంగులు, ఊగే తోక చూస్తే ఫైటర్‌కి ఇంకో మగ ఫైటర్ ఎదురొచ్చినట్టే. మొప్పలు విప్పి మీదికి పోతుంది. పెద్ద ట్యాంక్ అయితే ఓడిన చేప పారిపోయి దాక్కుంటుంది. ఒకటిన్నర అడుగుల్లో ఎక్కడికి పోతుంది? తోక చిరుగుతుంది, చిరిగిన చోట బూజు పడుతుంది.

రంగుతోక:
నేను ఒప్పుకోను అన్నా. మా ఇంట్లో ఇంతే సైజు ట్యాంక్‌లో ఫైటర్, ఆడ గప్పీలు కలిసే ఉన్నాయి. ఆడవాటికి అంత రంగూ లేదు, అంత తోకా లేదు, ఫైటర్ పట్టించుకోదు. వాలిస్నేరియా, జావా మాస్ లాంటి నీటి మొక్కలు ఒత్తుగా పెట్టాను. గప్పీలు అలవాటు పడ్డాకే ఫైటర్‌ను వదిలాను. ముందే వదిలితే ట్యాంకంతా తనదే అనుకుంటుంది. ఒక్కో ఫైటర్‌ది ఒక్కో స్వభావం.

చెరువుగట్టు:
ఆ స్వభావం షాపులో ఎలా తెలుస్తుంది తమ్ముడూ? గ్లాసులో ఒంటరిగా ఉన్న చేపను చూసి ఏం చెప్పగలం? పైగా ఆడ గప్పీలు చాలావరకు కడుపుతోనే ఇంటికొస్తాయి. మగది లేకపోయినా దాచుకున్న వీర్యంతో నెలల తరబడి పిల్లలు పెడతాయి. ఫైటర్ కొన్నిటిని తింటుంది, నిజమే. నువ్వు పెట్టిన ఆ మాస్‌లోనే మిగతావి బతుకుతాయి. మగవి వేస్తే తోకలు పోతాయి, ఆడవి వేస్తే ట్యాంక్ నిండిపోతుంది.

నీళ్లపరీక్ష:
ఇద్దరూ గొడవ గురించే మాట్లాడుతున్నారు. నేనైతే ముందు నీళ్లు, ఎదిగాక చేప సైజు చూస్తాను. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గప్పీ, మోలీలకు అవి బాగా పడతాయి. ఫైటర్ అసలు థాయ్‌లాండ్ వైపు వరిమళ్ల చేప, ఫారాల్లో పెరిగింది కాబట్టి సర్దుకుంటుంది. నియాన్ టెట్రాలు మాత్రం ఈ నీళ్లకు వద్దు. ఇంకో సంగతి, నీళ్ల పీహెచ్ (క్షారగుణం) పెరిగేకొద్దీ, నీళ్లు వేడెక్కేకొద్దీ చేపల మలినం నుంచి వచ్చే అమ్మోనియా విషం ఎక్కువవుతుంది. మే నెలలో బోరు నీళ్ల ట్యాంక్‌ను కిక్కిరిసేలా నింపితే చేపలు కొట్టుకోకపోయినా చస్తాయి. అందుకే గోల్డ్ ఫిష్ అసలే వద్దు. అది పెద్దదవుతుంది, చాలా మలినం చేస్తుంది.

సక్కర్ గురించి గట్టిగా చెప్తున్నా. వేలెడంత ఉన్న ఆ పిల్ల అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు జనం చెరువుల్లో వదిలేస్తున్నారు. మన నదుల్లో, చెరువుల్లో మత్స్యకారుల వలలు చింపుతున్న దెయ్యం చేపలు ఇవే. దయచేసి కొనకండి.

రంగుతోక:
గోల్డ్ ఫిష్, సక్కర్ విషయంలో మీ మాటే నా మాట. ఫైటర్ సంగతిలో మాత్రం వెనక్కి తగ్గను. పక్కన ఇంకో టబ్ సిద్ధంగా ఉంచుకుని, మొదట్లో రోజూ తోకలు చూసుకుంటే పెట్టొచ్చు.

చెరువుగట్టు:
అనుభవం ఉన్నవాళ్లకు సరే. పిల్లల కోసం మొదటి ట్యాంక్ కొన్న ఇంటికి ఆ సలహా ఇవ్వకూడదు.

కొత్త ట్యాంక్:
సక్కర్, గోల్డ్ ఫిష్ మానేశాం. తమ్ముడికి ఇంకా ఫైటరే కావాలి. బోరు నీళ్లు కాబట్టి మగ గప్పీలు మాత్రమే వేద్దామని నేనంటున్నా. అవి వాటిలో అవి కొట్టుకోవా?

నీళ్లపరీక్ష:
తరుముకుంటాయి. రెండే ఉంటే బలమైనది రెండోదాన్ని వదలదు, ఆరు వేయండి, ఒక్కదాని మీదే పడదు. నీళ్లు నింపి, చేపలు వేయకుండానే చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నెలరోజులు నడవనివ్వండి, మలినాన్ని విరిచే బాక్టీరియా అందులో పెరుగుతుంది. నీళ్లు పరీక్షిస్తే అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ అనే ఇంకో విషం, రెండూ పెరిగి మళ్లీ సున్నాకి దిగాకే చేపల కోసం షాపుకెళ్లండి.