‘మార్పించు’నా, ‘మార్చనిచ్చు’నా?

జోన్‌కాపరి:
సభ్యులకు నమస్కారం. బ్రౌజరులో నడిచే ఒక డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేర్లను సర్వరు చిరునామాలతో కలిపే వ్యవస్థ) నిర్వహణ సాధనాన్ని తెలుగులోకి తెస్తున్నాము. కొత్త కూర్పులో వాడుకరుల అనుమతులను జోన్ల (కలిపి నిర్వహించే పేర్ల సమూహాల) వారీగాను, రికార్డు (ఒక్కొక్క పేరు కింది నమోదు) రకాల వారీగాను విడదీశారు కనుక సెట్టింగుల పేజీలో ప్రతి మీట పక్కన ఒక క్రియ కావలసి వచ్చింది. ‘వాడుకరి చేత మార్పించు’ అని రాసుకున్నది మొదలు పోతన పద్యం నన్ను వదలడం లేదు. ‘పలికెడిది భాగవతమట, పలికెడివాడు రామభద్రుండట’ అన్న చోట ‘ఇంచు’ ఉన్నదా, లేదా? ఉంటే అది చేయించడమా, చేయనీయడమా?

సంధిప్రియుడు:
ఉన్నది. ‘పలికించెడివాడు’ అన్నదే పాఠం. ఆ ‘ఇంచు’ను తీసివేస్తే పలికేవాడు రాముడే అవుతాడు, అప్పుడు వెంటనే వచ్చే ‘నే పలికిన’ అన్న మాటకు చోటుండదు. ఇక అర్థం విషయానికి వస్తే, అది ప్రేరణమే గాని అనుమతి కాదు. మీ మీటను ‘మార్పించు’ అంటే, దాన్ని నొక్కగానే వాడుకరి రికార్డు మార్చి తీరాలన్నట్టు ధ్వనిస్తుంది. రానిచ్చు, పోనిచ్చు అన్నట్టే మార్చనిచ్చు అనండి.

సర్వర్‌గది:
సంధిప్రియుడు గారితో ఏకీభవిస్తూ, నిర్వహణ వైపు నుంచి ఒక మాట. ఇటువంటి సాధనాల్లో ఒకటైన పవర్‌డీఎన్‌ఎస్ అడ్మిన్‌లో అడ్మినిస్ట్రేటర్, ఆపరేటర్, యూజర్ అనే పాత్రలతో పాటు, మామూలు యూజర్ మార్పుల చరిత్రను చూడవచ్చునా, కొత్త జోన్ సృష్టించవచ్చునా అన్న అమరికలు విడిగా ఉన్నాయి. మొదటిదాన్ని ‘చరిత్ర చూపించు’ అని రాస్తే, అది తెర మీద ఒక మెనూ కనబడటానికి సంబంధించినదేనని చదివేవారు అనుకుంటారు. ‘చూడనిచ్చు’ అన్నప్పుడే అది అనుమతి. బొత్తాన్ని దాచినంత మాత్రాన హక్కును తీసివేసినట్టు కాదు. అదే మనిషి తన ఏపీఐ కీతో (తెరతో పని లేకుండా ప్రోగ్రాము ద్వారా సర్వరును అడగడానికి వాడే రహస్య సంకేతంతో) అదే అభ్యర్థన పంపినప్పుడు కాదనవలసినది సర్వరు.

పుస్తకాలపురుగు:
మీరిద్దరూ ‘నిచ్చు’ను మరీ అమాయకపు ప్రత్యయంగా చూస్తున్నారు. ‘పని కానిచ్చేయండి’ అన్నప్పుడు ఎవరూ పనికి అనుమతి ఇవ్వడం లేదు, దాన్ని పూర్తి చేయమంటున్నారు. అంటే ‘నిచ్చు’ కూడా ప్రేరణ వైపు జారుతుంది. నా మట్టుకు పోతన ‘పలికించు’లో పలకనిచ్చే దయ కూడా ఇమిడి ఉన్నది. ‘ఇమ్మనుజేశ్వరాధములకిచ్చి’ పురాలూ వాహనాలూ పుచ్చుకోనన్న కవికి, ఎవరికి ఏది ఇవ్వాలో, ఎవరి నుంచి ఏది పుచ్చుకోరాదో మనకంటే బాగా తెలుసు.

సంధిప్రియుడు:
‘కానిచ్చు’ నుడికారం, అక్కడ కర్మ పని, మనిషి కాదు. విభక్తిని చూడండి. ‘వాడుకరి చేత మార్పించు’, ‘వాడుకరిని మార్చనిచ్చు’. ‘చేత’ పట్టేది ప్రేరణం, ‘ని’ పట్టేది అనుమతి. దయ ఉన్నా లేకపోయినా ‘రామభద్రుడు నన్ను పలికించాడు’, ‘నన్ను పలకనిచ్చాడు’ అన్నవి ఒకటి కావు.

పుస్తకాలపురుగు:
అయ్యా, ‘నన్ను పలికించాడు’ అని మీరే ‘ని’ పెట్టి రాశారు! మీ విభక్తి పరీక్ష మీ వాక్యం దగ్గరే ఆగిపోయింది.

సర్వర్‌గది:
విభక్తి ఏదైనా, ఒక్కొక్క మీట బరువును గుర్తుంచుకోవాలి. ‘టెక్స్ట్ రికార్డులు మార్చనిచ్చు’ అన్నది వినడానికి చిన్న అనుమతిలా ఉంటుంది గాని, వెబ్‌సైటు గుర్తింపు సర్టిఫికెట్లను యంత్రాలే అడిగి పొందే ఏక్మీ పద్ధతిలో ఒక పేరు మీద సర్టిఫికెట్ పొందడానికి ఆ పేరు కింద నిర్దిష్టమైన టెక్స్ట్ రికార్డు పెట్టగలిగితే చాలు. ఒక పేరుకు ఏ సర్వరు జవాబు చెప్పాలో తెలిపే ఎన్‌ఎస్ రికార్డులు మార్చగలిగినవాడు ఉపడొమైనును మొత్తంగా మరో సర్వరుకు అప్పగించగలడు. పైగా జవాబును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే టీటీఎల్ 86400 అని ఉంటే, ఆ మనిషి హక్కును ఈ క్షణమే రద్దు చేసినా, అతడు పెట్టిన తప్పుడు జవాబు కొన్ని కాషెలలో (ఇతర సర్వర్లు జవాబులు దాచుకునే చోట్లలో) ఒక రోజు దాకా ఉండిపోవచ్చు. అందుచేత ఈ రెండు మీటలకూ ‘నిచ్చు’ వంటి మెత్తని క్రియ కంటే ‘అధికారం ఇవ్వు’ అన్నదే తగునని నా అభిప్రాయం.

జోన్‌కాపరి:
‘మార్చనిచ్చు’కు ఎదురుగా ‘మార్చనీయకు’ బాగానే కుదిరింది. కాని ప్రతి మీటకూ మూడో స్థితి ఒకటి ఉన్నది. ఆ వాడుకరికి విడిగా ఏమీ నిర్ణయించకుండా, అతడి పాత్రకు ఏది ఉంటే అది వర్తించనీయడం. దానికి ‘ఇంచు’ చాలదు, ‘నిచ్చు’ కూడా చాలదు. ‘పాత్రను బట్టి’ అని క్రియ లేకుండా వదిలేయవచ్చునా?

సంధిప్రియుడు:
వదిలేయకండి. రెండు క్రియల పక్కన ఒక క్రియలేని ముక్క నిలిస్తే పంక్తి కుంటుతుంది.

పుస్తకాలపురుగు:
మీరంతా ‘ఇంచు’ దగ్గరే ఆగిపోయారు గాని, ఆ పద్యానికి ప్రాణం ‘అట’లో ఉన్నది. డీఎన్‌ఎస్‌ను నిర్వచించిన 1987 నాటి ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1035లోనే, జవాబు చెప్పిన సర్వరుకు ఆ పేరు మీద అధికారం ఉన్నదా, లేదా అని తెలిపే బిట్టు ఒకటి ఉన్నది. ఆ బిట్టు లేకుండా కాషె నుంచి వచ్చిన ప్రతి జవాబు చివరా ‘అట’ చేర్చాలని నా ప్రతిపాదన. జోన్‌కాపరి గారు ఆ తెరను ఇంకా తెలుగు చేయకపోతే అక్కడి నుంచి మొదలుపెడదాం.