పుణికిపుచ్చుకోవడం: తడిమిన చేయి ఎవరిది?

మిత్రులకు నమస్కారం. "పుణికిపుచ్చుకొను" అనే మాట గురించి మీ అందరితో మాట్లాడాలని ఉంది. ఆదివారం నుంచి అది నన్ను వదలడం లేదు.

ఆ రోజు అనకాపల్లి నుంచి మా మేనత్త వచ్చింది. నాన్న పోయాక ఆమె విశాఖ పెదవాల్తేరులోని మా ఇంటికి రావడం అదే మొదటిసారి. నేను పప్పుచారు కాస్తున్నాను. దించబోయే ముందు బెల్లం డబ్బా మూత తీసి ఉసిరికాయంత ముక్క అందులో వేశాను. వెనక నిలబడి చూస్తున్న అత్తయ్య, "అచ్చం మీ నాన్నే. ఆ నాలుకను కూడా పుణికిపుచ్చుకున్నావు" అంది.

నాకు వెంటనే మాట రాలేదు. చిన్నప్పుడు ఆ బెల్లం ముక్క దగ్గరే నాన్నకూ నాకూ పేచీ. అమ్మది గుంటూరు. ఆమె చేతి పులుసులో పులుపూ కారమూ తప్ప మూడో రుచికి చోటు లేదు. నేను అమ్మ పక్షం. నాన్న గరిటె పట్టిన రోజున కంచం ముందు నుంచి లేచిపోయేదాన్ని. ఇప్పుడు నలభై ఆరేళ్ళ వయసులో అదే ముక్కను నా చేత్తో నేనే వేస్తున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తు చేసుకుందామన్నా గుర్తుకు రాలేదు.

ఇక మాట సంగతి. పత్రికల్లో "పునికి" అని కూడా కనిపిస్తుంది గాని, మూలధాతువు "పుణుకు". వణుకు, వణికి అయినట్టే పుణుకు, పుణికి. చేత్తో తాకడం, తడమడం, నిమరడం దాని అర్థం. ఇప్పటి వాడుకలో ఈ క్రియ విడిగా బతికి ఉన్నది దాదాపు ఒక్క చోటే: బుగ్గలు పుణకడం. అమ్మమ్మలు పిల్లల బుగ్గలు పుణికి మెటికలు విరుస్తారు చూడండి, అక్కడ. ఆ చేయి పెద్దవాళ్ళది. కానీ "తండ్రి పోలికలు పుణికిపుచ్చుకున్నాడు" అన్నప్పుడు కర్త ఎవరు? కొడుకు. తడిమింది అతనే, తీసుకున్నదీ అతనే. తండ్రి ఊరికే నిలబడి ఉన్నాడు, అంతే. పైగా "పుచ్చుకొను"లోని "కొను" తన కోసం చేసే పనిని చెబుతుంది. వండడానికీ వండుకోవడానికీ ఉన్న తేడా అది.

"వారసత్వం" అన్న మాట పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అరబ్బీ నుంచి వచ్చిన వారసుకు సంస్కృతపు "త్వ" ప్రత్యయం తగిలించి కట్టుకున్న మాట అది. స్థలమూ ఇల్లూ వారసత్వంగా వస్తాయి. మనం నిద్రపోతున్నా వస్తాయి. పుణికిపుచ్చుకోవడానికి మాత్రం చేయి చాపాలి.

ఇందులో రెండు క్రియలున్నాయని నేను ఇన్నేళ్ళూ గమనించలేదు. ముందు తడమడం, తరవాత తీసుకోవడం. 2015లో క్రిస్టఫర్ ఒజేడా, పీటర్ హతేమీ అనే పరిశోధకులు అమెరికా కుటుంబాల్లో రాజకీయాభిమానం ఎలా సాగుతుందో పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. తల్లిదండ్రుల పార్టీ ఏదో పిల్లలు సరిగా గ్రహించారా అన్నది ఒక ప్రశ్న. గ్రహించినదాన్ని తమదిగా చేసుకున్నారా అన్నది మరో ప్రశ్న. అంతకుముందు కలిపి చూసే ఈ రెండింటినీ వారు విడదీశారు. పిల్లల్లో సగానికి పైగా ఆ పార్టీ విషయంలో పొరబడినవారో, తెలిసీ కాదనుకున్నవారో అని తేలింది. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. పుణకడం ఒకటి, పుచ్చుకోవడం ఒకటి అని మన మాట ఎప్పుడో విడదీసి పెట్టుకుంది.

తడిమినప్పుడు పొరబడటం ఎలా ఉంటుందో కూడా ఆదివారమే తెలిసింది. అప్పు అంటే నాకు భయం. ఫ్రిజ్ కూడా వాయిదాల మీద కొనలేదు. అది నాన్న సిద్ధాంతమనీ, ఆయన నుంచి తీసుకున్నాననీ గర్వపడేదాన్ని. ఆ మాటే అత్తయ్యతో అంటే ఆమె కాసేపు నన్ను చూసి, "మీ నాన్న అప్పు చేయకపోతే నా పెళ్ళి జరిగేదే కాదమ్మా. తీర్చడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఒక్కనాడూ ఆ అప్పును తిట్టుకోలేదు" అంది. ఆయన డబ్బు లెక్క రాసుకునేటప్పుడు ముఖం గంభీరంగా ఉండేది. నేను ఆ ముఖాన్ని తడిమి, అందులో లేని అభిప్రాయాన్ని తీసుకున్నాను. ముప్పై ఏళ్ళు దాన్ని ఆయన పేరు మీదే మోశాను.

నా ప్రశ్న ఇది. మీ ఇళ్ళలో ఈ మాటను రూపానికే వాడతారా, రుచులకూ అభిప్రాయాలకూ కూడా వాడతారా?

గాజువాక నుంచి ఒక సభ్యుడు:
మా ఇంట్లో "అబ్బింది" అంటారండీ. నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవారు. నేనూ అలాగే నడుస్తానని మా ఆవిడ ఫొటో తీసి చూపించేదాకా నాకు తెలియదు. ఇందులో నేను తడిమిందేమీ లేదు, తీసుకున్నదీ లేదు. రసాయనశాస్త్రం పాఠం చెప్పేవాణ్ని కాబట్టి ఒక సంగతి చెబుతాను. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయనవేత్త ప్రయోగశాలలో ఒక పొడిని సీసాలోకి పోస్తుంటే కొంత గాలిలోకి ఎగిరింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదన్నాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఆ తేడా కుటుంబాల్లో తరతరాలుగా దిగుతుందని తరవాత రుజువైంది. మరి కొన్ని రుచులు చేయి చాపకుండానే వస్తున్నట్టే కదా.

నేను:
అవును గురువుగారూ, ఒప్పుకుంటున్నాను. అందుకేనేమో తెలుగుకు ఆ రెండో మాట కూడా కావలసి వచ్చింది. "నాకు అబ్బింది" అన్నప్పుడు కర్త గుణమే. మనిషి "కు" ప్రత్యయం తగిలించుకుని ఒక పక్కకు ఒదిగిపోతాడు. నాకు ఆకలి, నాకు నిద్ర, నాకు ఇష్టం, అన్నీ ఆ వరసే. మీ నడక అబ్బిందే. నా బెల్లం ముక్క మాత్రం అబ్బిందని అనలేను. పదేళ్ళ పాటు దాన్ని కాదన్నాను కదా.

ఒక సభ్యురాలు, పిల్లల వైద్యురాలు:
"ఉగ్గుపాలతో వచ్చింది" అనే మాటను ఎవరూ తలవలేదేం? జూలీ మెన్నెల్లా, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కొందరు తల్లులు గర్భంతో ఉన్న చివరి నెలల్లో కేరట్ రసం తాగారు, కొందరు పాలిచ్చే రోజుల్లో తాగారు, కొందరు మంచినీళ్ళే తాగారు. పిల్లలకు ఘనాహారం మొదలుపెట్టాక కేరట్ కలిపిన జావ పెట్టి చూస్తే, ఆ రుచిని ముందే ఎరిగిన పిల్లలు ముఖం చిట్లించడం తక్కువ. ఉమ్మనీటిలోనూ పాలలోనూ తల్లి తిన్నదాని వాసన ఉంటుంది. మీ అమ్మగారు గుంటూరు కారం తిని మిమ్మల్ని మోశారు కాబట్టి మీరు మొదట అమ్మ పక్షం చేరడంలో వింత లేదు. పుట్టుకతో వచ్చే తేడాలు పక్కన పెడితే, నాన్నల రుచి పిల్లలకు చేరడానికి కంచమే దారి. ఆలస్యంగానే చేరుతుంది.

నేను:
డాక్టర్ గారూ, మీ చివరి వాక్యాన్ని అత్తయ్యకు ఫోన్‌లో చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది.

మధురవాడ నుంచి ఒక సభ్యుడు:
"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అనేశాక ఇంత చర్చ ఎందుకు? వేమన కూడా "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడచూడ రుచుల జాడ వేరు" అన్నాడు. పోలిక ఒకటైనా రుచి వేరే.

నేను:
ఆ పద్యం గుర్తుచేసినందుకు సంతోషం. పోలికా రుచీ ఒకే పద్యంలో ఎదురెదురుగా నిలబడ్డాయి. కానీ "చూడచూడ" అన్న మాటను వదలకండి. పక్కపక్కన పెట్టి చాలాసేపు చూస్తే గాని ఆ తేడా తెలియదు. పక్కనే ఉన్నా నాన్న అప్పు లెక్కను నేను అలా చూడలేదు.

ఒక యువ సభ్యుడు, విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం విద్యార్థి:
అమ్మా, నాది వేరే బాధ. మా నాన్నకూ నాకూ ఎన్నికలప్పుడల్లా గొడవ. "ఎవరి బుద్ధులు వచ్చాయో వీడికి" అంటారు. పుణికిపుచ్చుకున్నాడని ఎప్పుడూ అనరు. మా పాఠాల్లో ఒక అధ్యయనం ఉంది. 1965లో అమెరికాలో హైస్కూలు చివరి ఏడాది పిల్లలనూ వారి తల్లిదండ్రులనూ విడివిడిగా ప్రశ్నించారు. పార్టీ అభిమానం తల్లిదండ్రులకూ పిల్లలకూ బాగానే కలిసింది గాని, మిగతా చాలా అభిప్రాయాల్లో ఆ పోలిక పలచబడిపోయింది. మా ఇంట్లో తలకిందులు. పార్టీ తప్ప అన్నీ కలుస్తాయి.

నేను:
బాబూ, మీ నాన్నగారి వాక్యంలో నేను వెతుకుతున్నది దొరికింది. "బుద్ధి" ఏకవచనంలో మంచి మాట. బహువచనంలోకి వెళ్ళగానే నింద అవుతుంది: అవేం బుద్ధులు, ఆ బుద్ధులు ఎక్కడికి పోతాయి. అందం, పాండిత్యం, పనితనం, మంచితనం, ఇవి పిల్లలు పుణికిపుచ్చుకుంటారు. తాగుడూ కోపమూ అయితే "తండ్రి బుద్ధులు వచ్చాయి" అంటాం. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్న సామెతలో కూడా బుద్ధి తనంతట తానే వచ్చింది. మంచిదైతే పిల్లలు చేయి చాపి తీసుకున్నట్టు, చెడ్డదైతే దానంతట అదే వచ్చి మీద పడినట్టు. మన భాష పిల్లల పట్ల ఇంత దయగా ఉందని నాకు ఈ రోజు దాకా తెలియదు.

ఒక మాట అడగనా? పార్టీ తప్ప అన్నీ కలుస్తాయన్నావు. ఆ "అన్నీ" ఏమిటి?

యువ సభ్యుడు:
ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఆపడం ఇద్దరికీ చేతకాదు. గొడవ కూడా వంతులవారీగానే పడతాం. ఆయన ముగించేదాకా నేను ఆగుతాను, నేను ముగించేదాకా ఆయన ఆగుతారు. బీచ్‌రోడ్డు మీద నడుస్తూ వాదించుకుంటాం. జలాంతర్గామి మ్యూజియం నుంచి నోవాటెల్ దాకా ఒకరి వంతు, తిరుగు నడకలో ఇంకొకరి వంతు.

నేను:
దాన్ని ఏ మాటతో చెబుతారో ఇంట్లో నాన్నగారినే అడిగి ఇక్కడ రాయి. అత్తయ్య ఇంకా నా దగ్గరే ఉంది. నిన్న ఆమె పప్పుచారు పెట్టి, బెల్లం వేయకుండా గిన్నె నా ముందుకు జరిపింది.