‘లేబుల్’: అన్నిచోట్లా ఒకే తెలుగు మాట పెట్టాలా?

తర్జుమా:
రైతుల కోసం తయారవుతున్న ఒక ఫోను యాప్‌ను తెలుగు చేస్తున్నాను. పని దాదాపు అయిపోయింది కానీ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. లేబుల్. ఇంగ్లీషు పాఠంలో అది నాలుగు చోట్ల నాలుగు పనులు చేస్తోంది. పురుగుమందు డబ్బాకు అంటించిన కాగితం ఒకటి. విత్తనాల పార్సిల్ మీద చిరునామా ఉండేది రెండోది. ఫారంలో ఖాళీ గడి పక్కన ‘ఊరు’, ‘సర్వే నంబరు’ అని కనిపించే మాట మూడోది. ఆకు ఫోటో పంపితే దానికి తగిలించే తెగులు పేరు నాలుగోది.

పని ఇచ్చినవాళ్ల నియమం ఏమిటంటే, ఒక ఇంగ్లీషు మాటకు ఒకే తెలుగు మాట ఉండాలి. మొదట అన్నిచోట్లా ‘చీటీ’ అని పెట్టాను. ‘మీ చీటీని ఎంచుకోండి’ అని చదువుకుంటే నాకే నవ్వు వచ్చింది, చీటీ పాటకు పిలుస్తున్నట్టుంది. అన్నీ ‘లేబుల్’ అని మార్చాను. ఈసారి మా అమ్మకు అర్థం కాలేదు. ఆమె నాలుగెకరాలు సాగు చేయిస్తుంది, ఫోను నాకంటే చురుగ్గా వాడుతుంది. మీరైతే ఏం చేస్తారు?

ఒకేమాట:
లేబుల్ అనే ఉంచండి. ఆ మాట తెలుగులోకి వచ్చి, ‘లేబుళ్లు’ అని మన బహువచనం కూడా తొడుక్కుంది. రైలు, బస్సు, పెన్ను లాగే ఇదీ మనదే. నేను పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ అనువాదాలు సరిచూస్తున్నాను. తెర మీద ఒక మాట, సహాయం పేజీలో ఇంకో మాట ఉంటే, ఫోన్ చేసి అడిగే మనిషికి అవతలివాళ్లు ఏ మీట నొక్కమంటున్నారో తెలియదు. అందమైన మాటలు కథల్లో రాసుకోవచ్చు. యాప్‌లో కావలసింది నిలకడ.

అచ్చుతప్పు:
ఒకేమాట గారూ, నిలకడ కావలసింది అర్థానికి. అక్షరాలకు కాదు.

ముప్పయ్యేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను, అందుకే ఈ సంగతిలో నాకు కాస్త చాదస్తం ఉంది. ఇంగ్లీషువాళ్లకే లేబుల్ మొదట ఈ అర్థంలో లేదు. పాత ఫ్రెంచి నుంచి వాళ్లు తెచ్చుకున్నప్పుడు ఆ మాటకు అర్థం గుడ్డ పీలిక, వేలాడే అంచు. దస్తావేజుకు ముద్రను వేలాడదీసే తోలు పట్టీని కూడా అలాగే అన్నారు. ఇంగ్లండు వంశ చిహ్నాల్లో పెద్దకొడుకు డాలు మీద కనిపించే పళ్ల పట్టీకి ఇప్పటికీ అదే పేరు. పీలికగా మొదలై సీసా మీది కాగితం దాకా వచ్చిన మాటను, మనం మాత్రం ఒకే చోట మేకు కొట్టి బిగించాలా?

మనకు ఉన్న మాటలు చూడండి. మెడలోనో చొక్కాకో వేలాడేలా తగిలించేది బిళ్ల, ఇంగ్లీషులో ట్యాగ్. లేబుల్ అంటించేది. నడుముకు అడ్డంగా పటకా, దాని మీద ఇత్తడి బిళ్ల వేసుకునేవాడు కాబట్టే బిళ్ల బంట్రోతు అయ్యాడు. సరుకును గుర్తుపట్టే బొమ్మ మార్కా. గుర్రం మార్కా, ఏనుగు మార్కా అంటూ చదువురానివాళ్లు కూడా బొమ్మ చూసి కొనుక్కునేవారు. మనిషికి తగిలించే లేబుల్‌కు తెలుగులో ముద్ర ఎప్పటినుంచో ఉంది. ‘తిరుగుబాటుదారు అని ముద్ర వేశారు’ అని ఏ పత్రికైనా రాస్తుంది, అక్కడ లేబుల్ ఎవరికీ గుర్తు కూడా రాదు.

చీటీ విషయంలో మాత్రం తర్జుమా గారితో ఏకీభవిస్తాను. మందుల చీటీ అంటే డాక్టరు రాసి ఇచ్చేది. సీసా మీది కాగితానికీ అదే పేరు పెడితే జనం కాగితం పట్టుకుని సీసా కోసం తిరుగుతారు.

ఒకేమాట:
బిళ్ల వేలాడేది, లేబుల్ అంటించేది అని గీత గీశారు, బాగుంది. టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ సంగతి ఏమిటి? పేరులో ట్యాగ్ ఉంది, కారు అద్దానికి అంటిస్తారు. తిరుపతి లడ్డూకు 2009లో జీఐ ట్యాగ్, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని పత్రికలన్నీ రాశాయి. లడ్డూకు ఎవరూ ఏమీ వేలాడదీయలేదు, అది 1999 నాటి చట్టం కింద జరిగిన నమోదు. ఇంగ్లీషువాళ్లే ఈ రెండు మాటలనూ కలిపేసుకుంటుంటే మనం గిరి గీసుకుని కూర్చోవడం దేనికి?

ఇంకో సంగతి. ఏ పురుగుమందును ఏ పంట మీద ఏ పురుగుకు వాడటానికి అనుమతి ఉందో చెప్పేదాన్ని వ్యవసాయ అధికారులు ‘లేబుల్ క్లెయిమ్’ అంటారు. మిరప ఎగుమతిలో మందు అవశేషాల గొడవ వచ్చినప్పుడల్లా ఈ మాట వినపడుతుంది. మీరు సీసా మీది మాట మార్చేస్తే రైతు ఈ రెండింటినీ ఎలా కలుపుకుంటాడు?

మందులకొట్టు:
పల్నాడులో నాకు పురుగుమందుల కొట్టు ఉంది. మీ చర్చ చదివి నిన్నంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, ఎవరు ఏమంటారో చూద్దామని.

పొద్దున పది గంటలకు ఒక పెద్దాయన సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మందు ఒలికి కాగితం సగం నల్లబడింది, మిగతా సగం వేలితో గోకినట్టు లేచిపోయింది. ‘ఇదే ఇవ్వు’ అన్నాడు. ఏ మందో కనపడటం లేదంటే మూత చూపించి ‘నీలం మూతది’ అన్నాడు. నా దగ్గర నీలం మూతవి ఆరు ఉన్నాయి. డబ్బా తిప్పి తిప్పి చూస్తే అడుగున రంగు గుర్తు సగం మిగిలి ఉంది, పసుపు. దాన్నిబట్టి రెండు తీసేశాను. మిగతా నాలుగూ వరసగా పెడితే ఒక దాని మీది బొమ్మ చూసి ‘అదిగో, ఈ పురుగే’ అన్నాడు. అంతసేపు మాట్లాడుకున్నాం, ఆయన నోట్లోంచి లేబుల్ రాలేదు, చీటీ రాలేదు. ‘కాగితం’, ‘బొమ్మ’, ‘డబ్బా మీద రాసింది’, ఇవే.

ఆ రంగుల సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. ప్రతి డబ్బా మీదా మూలమీద నిలబెట్టిన చతురస్రం ఉంటుంది. దాని కింది సగం రంగును బట్టి మందు ఎంత విషమో తెలుస్తుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, దాని పై సగంలో పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. 1971 నాటి నియమాల ప్రకారం ఇంగ్లీషు, హిందీతో పాటు ప్రాంతీయ భాషల్లో కూడా వివరాలు అచ్చు వేయాలి. వేస్తారు, తెలుగూ ఉంటుంది. డబ్బాతో వచ్చే మడత కాగితం విప్పితే బారెడు ఉంటుంది, అందులో మన భాష ఎక్కడుందో వెతకడానికి నాకే కళ్లజోడు కావాలి. అక్షరాలు ఆవగింజంత. ఆ కాగితానికి ఏం పేరు పెడతారో మీ ఇష్టం, చదవడానికి వీలుగా ఉంటే అంతే చాలు.

పాతటపా:
తెలుగు బ్లాగుల తొలినాళ్లలో ఇదే గొడవ పడ్డాం. పోస్టును ‘టపా’ అన్నాం, బ్లాగులన్నీ ఒకచోట కనిపించే గూటిని ‘కూడలి’ అన్నాం, రెండూ నిలబడ్డాయి. టపా కింద కనిపించే లేబుళ్లకు మాత్రం మాట కుదరలేదు. కొందరు ‘వర్గాలు’ అన్నారు. కానీ వర్గం అంటే ఒక పెట్టె, ఒక వస్తువు ఒక పెట్టెలోనే ఉంటుంది. లేబుల్ అలా కాదు. 2004లో జీమెయిల్ వచ్చినప్పుడు చాలామందికి మింగుడుపడనిది ఇదే. ఒకే ఉత్తరానికి ‘ఇల్లు’, ‘బ్యాంకు’, ‘తొందర’ అని మూడు లేబుళ్లు తగిలించవచ్చు, ఉత్తరం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మా నాన్నగారు మూడు ప్రతులు తయారయ్యాయనుకుని రెండు తుడిచేశారు. ఉన్న ఒక్క ఉత్తరమూ పోయింది.

నా ఓటు ‘గుర్తు’కు. ఒక వస్తువుకు ఎన్ని గుర్తులైనా పెట్టుకోవచ్చు.

బొమ్మలగడి:
తర్జుమా గారు చెప్పిన నాలుగో రకం పనే నా ఉద్యోగం. కంప్యూటర్‌కు నేర్పడానికి వరి ఆకుల ఫోటోలకు లేబుళ్లు పెడతాను. మచ్చ చుట్టూ గడి గీసి, అగ్గితెగులా, గోధుమరంగు మచ్చ తెగులా, పాముపొడ తెగులా అని ఎంచాలి. మచ్చ రెండు కొసలా సన్నబడి నూలుకండెలా ఉండి, మధ్యలో బూడిద రంగు కనిపిస్తే అగ్గితెగులు. గుండ్రంగా నువ్వు గింజలా ఉంటే గోధుమరంగు మచ్చ. తొలిదశలో రెండూ చుక్కల్లాగే ఉంటాయి, అక్కడే తగాదా.

మేం పనిలో ‘లేబుల్ పెట్టావా’ అనే అంటాం, దాచడం ఎందుకు. కానీ ఇంట్లో మా అత్తయ్యకు చెప్పేటప్పుడు ‘ఆకులకు జబ్బు పేరు పెడుతున్నాను’ అన్నాను, ఆమెకు వెంటనే తెలిసింది. ‘గుర్తు’ అన్నానంటే మచ్చనే గుర్తు అనుకునేది. పాతటపా గారి మాట ఉత్తరాలకు బాగుంది, ఆకులకు పనికిరాదు.

అచ్చుతప్పు:
బొమ్మలగడి గారి మాటతో నాకు ఒకటి తట్టింది. మనం నామవాచకం కోసం వెతుకుతున్నాం. తెలుగు చాలాచోట్ల ఆ పనిని క్రియతో కానిచ్చేస్తుంది. ‘లేబుల్ చదవండి’ బదులు ‘డబ్బా మీద రాసింది చదివాకే మందు కలపండి’ అని రాస్తే లేబుల్‌కు తెలుగు ఏమిటన్న ప్రశ్నే ఉండదు. ఆ పెద్దాయన అన్నదీ అదే.

ఒకేమాట:
వాక్యం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మీటకు వాక్యం పట్టదు, వేలెడు చోటు ఉంటుంది. చట్టానికి సంబంధించిన చోట ‘లేబుల్ క్లెయిమ్’ను కదిలించకూడదన్న మాట మీద కూడా నేను అక్కడే ఉన్నాను. ఇంకొకటి, పదకోశంతో సరిచూసే సాఫ్ట్‌వేర్ ఈ వాక్యానికి ఎర్రగీత పెడుతుంది. పని ఇచ్చినవాళ్లు ఆ గీతలనే లెక్కపెడతారు, రైతును కాదు. ఇది న్యాయమని అనడం లేదు, జరిగేది చెబుతున్నాను.

తర్జుమా:
రెండు రోజులు కూర్చుని మార్చాను. డబ్బా దగ్గర అచ్చుతప్పు గారి వాక్యం. పార్సిల్ దగ్గర ‘చిరునామా కాగితం’. ఫారంలో గడి పక్కన ఉండేదాన్ని ‘గడి పేరు’ అన్నాను, చూపులేనివాళ్ల కోసం ఫోను బయటికి చదివేది దాన్నే కాబట్టి అది పేరే. ఆకు ఫోటోకు ‘తెగులు పేరు’. ‘లేబుల్ క్లెయిమ్’ను అలాగే ఉంచి, కింద ‘ఈ మందును ఏ పంటకు వాడవచ్చు’ అని ఒక వరుస చేర్చాను.

పదకొండు ఎర్రగీతలు వచ్చాయి. ప్రతిదానికీ కారణం రాసి పంపాను. ఎనిమిది ఒప్పుకున్నారు. మూడు వెనక్కి వచ్చాయి, మూడూ ‘గడి పేరు’వే. దాని బదులు ఏం పెట్టాలో ఇంకా తేలలేదు. ఎవరికైనా తోస్తే చెప్పండి. అమ్మకు చూపించాను. డబ్బా దగ్గర ఆగకుండా చదువుకుపోయింది. ‘క్లెయిమ్’ దగ్గర మాత్రం, పంట బీమా డబ్బులు ఎప్పుడు పడతాయని అడిగింది.

మందులకొట్టు:
ఆ డబ్బా వాక్యం పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి కొట్లో బల్లకు అంటించాను. పొద్దుటినుంచి ఇద్దరు ఆగి చదివారు. ఒకాయన చదివి, ఇది ఏ కంపెనీ మందు, ఎంతకు ఇస్తావని అడిగాడు.